విద్యుత్తు కారుపై పాలకుర్తి యాత్ర

పాలకుర్తి ఓరుగంటి సీమలో పేరుగన్న గ్రామము. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016 అక్టోబరులో జనగామ జిల్లా యేర్పడినది మొదలు దానిలో చేరినది. హైదరాబాదునుండి వరంగల్లు పోవు రహదారిపై భువనగిరి, ఆలేరు, పెంబర్తి గడచి జనగామ చేరి, అచ్చట పెద్దత్రోవ విడిచి తూర్పుగా ముప్పది కిలోమీటర్లు పోయినచో ఆ యూరు కానవచ్చును. రైలుపై వచ్చువారు స్టేషను ఘనపురమున దిగి దక్షిణముగా పోవుటయు కలదు. బసవపురాణమును ద్విపదగా రచించిన పాల్కురికి సోమనాథుడు ఈ యూరివాడు. పోతనామాత్యుని పేరితో పెనవైచుకొన్న బమ్మెరయు, వాల్మీకి నివసించెనని స్థలజనులు చెప్పుకొను వల్మిడియు దాపుననే యున్నవి. ఇంత పుణ్యము ఇంత చిన్నచోట కుదురుకొనుట యరుదు.

గడచిన వైశాఖమున మా అత్తగారికి సోమేశ్వరుని దర్శింపవలెనని కోరిక పుట్టెను. ఇంటిలోని మగవారికి తీరికలేదు. మా వదినెగారు బండి నడుపుటలో నేర్పరి. విద్యుత్తుతో నడచు చిన్నకారు మా యింట నుండుటచే, మేము ముగ్గురము ఆడవారమే పోయి రాదలచితిమి. ఈ బండ్లను గూర్చి సోదరీమణులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొక్కటే: "నగరములో తిరుగుటకు బాగుగనే యుండును గాని, దూరప్రయాణమున త్రోవలో నెంతసేపు పడిగాపులు పడవలెను?" నిజమే. పెట్రోలు బండి అయిదు నిమిషములలో కడుపు నింపుకొని కదలును. విద్యుత్తు బండి కాలమడుగును. ఆ కాలము పగటివేళ హోటలు నీడలో గడచినచో విశ్రాంతి యగును. రాత్రివేళ దీపములేని చోట గడచినచో, ముసలివారిని వెంటబెట్టుకొన్న స్త్రీలకు భయకారణ మగును. కావున ఛార్జింగు వేగమనునది యంత్రములవారి ముచ్చట మాత్రమే కాదు. ఆడవారు పరుల సాయము లేక గడప దాటగలరా లేదా యనునది కొంత దానిమీదనే ఆధారపడియున్నది.

ముందుగా లెక్క చెప్పెదము. మా బండి బ్యాటరీలో నిండుగా 30 యూనిట్లు పట్టును. ఇంటి మీటరు తిరుగు యూనిట్లే యివియు. ఎండకాలమున చల్లనిగాలి యంత్రము వేసికొని, సామానుతో పోవునప్పుడు యూనిటుకు అయిదున్నర కిలోమీటర్లు నడచును. అనగా నిండు బండి 165 కిలోమీటర్లు పోవును. మా యింటినుండి జనగామకు సుమారు 85 కిలోమీటర్లు, అచ్చటనుండి పాలకుర్తికి మరి ముప్పది. పోయి రాకలకు 230. బమ్మెర వల్మిడులు చూచుటకు మరియొక యిరువది. కనుక త్రోవలో బండికి మేతపెట్టక తప్పదు.

తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదరకముందే జనగామ సమీపమున రహదారిప్రక్క నొక ఛార్జింగు కేంద్రము చేరితిమి. బండిలో నూటికి 47 పాళ్లు మిగిలియుండెను. యంత్రముపై పెద్ద అక్షరములతో 60 కిలోవాట్లని వ్రాసియుండెను. కిలోవాట్లనగా ధార వేగము, యూనిట్లనగా నిండిన నీరు అని యెంచుకొన్నచో చిక్కులేదు. 60 కిలోవాట్ల ధార గంటసేపు పారినచో 60 యూనిట్లు రావలెను. గన్ను తగిలించి ఫోనులో రొక్కము చెల్లించిన పిమ్మట తెరపై చూడగా అంకె 26 వద్ద నిలిచినది. వదినెగారు కనుబొమలు ముడిచి, "అరువది యని వ్రాసి ఇరువదియారు ఇచ్చుట ఎక్కడి న్యాయము?" అనిరి.

ఇందు మోసము లేదు. కొళాయి ఎంత పెద్దదైనను బిందె మూతి సన్ననిదైనచో ధార తగ్గింపక తప్పదు గదా. బండిలో బ్యాటరీని కాపాడు నొక చిన్న యంత్రబుద్ధి యున్నది. తనకెంత కావలెనో అదే యడుగును. బయటి యంత్రము అడిగినంతయే ఇచ్చును. మా బండి పుచ్చుకొనుటకు హద్దు ముప్పదికి లోపలనే. కావున అరువదియైనను, నూటయిరువదియైనను మాకు వచ్చునది అంతే. బండి కొనబోవువారు ఒక్కసారి నింపిన నెంతదూరము పోవునని అడుగుదురే గాని, డి.సి. ఛార్జింగునకు దాని హద్దెంత యని అడుగువారు తక్కువ. దూరప్రయాణములు చేయు కుటుంబమునకు రెండవ ప్రశ్నయే ముఖ్యమని మా యభిప్రాయము.

ఇంకొక మెలికయు కలదు. వోల్టులను ఆంపియర్లచే గుణించినచో వచ్చునది వాట్లు. యంత్రముపై వ్రాసిన సంఖ్య దాని అత్యధికమైన వోల్టుల వద్దిది. యంత్రము నూరు ఆంపియర్లకు మించి ఈయలేనిదై, బండి బ్యాటరీ 350 వోల్టులదైనచో, బోర్డుపై నేమి యున్నను వచ్చునది 35 కిలోవాట్లే. యంత్రము ప్రక్కన సన్నని అక్షరములతో ఆంపియర్ల సంఖ్య వ్రాసియుండును. కన్నులు చిట్లించియైనను దానిని చదువుకొనవలెను.

ఇరువది నిమిషములలో ఎనిమిది యూనిట్లు చేరినవి. అంతలో ఇడ్లీలు తిని, కాఫీ త్రాగి, బండిని 73 పాళ్ల వద్ద విడిపించుకొని పాలకుర్తి త్రోవ పట్టితిమి.

జనగామ దాటగనే రహదారి సందడి యణగిపోవును. కోత ముగిసిన మళ్లును, తాటిచెట్లును, నడుమ నడుమ నల్లని బండగుట్టలును. పాలకుర్తి కొండ అట్టి గుట్టలలో నొకటి. దానిపై రెండు గుహలలో సోమేశ్వరస్వామియు లక్ష్మీనరసింహస్వామియు ప్రక్క ప్రక్కన వెలసియున్నారు. శివకేశవు లిట్లు ఇరుగుపొరుగు గానుండుట చూచి అత్తగారు మిగుల సంతసించిరి. కొండచుట్టు ప్రదక్షిణమార్గమును గూర్చి ఒక కథ చెప్పుకొందురు. పూర్వమొక ముదుసలి భక్తురాలు ప్రదక్షిణము చేయలేక అలమటింపగా, స్వామి దయతలచి కొండను చీల్చి ఆమెకు దారి యిచ్చెనట. ఆ బండల నడుమ ఇరుకుసందున నడచునప్పుడు అత్తగారు మా చేయి విడిచిపెట్టి తామొక్కరే నడచిరి. చల్లనిగాలి వీచుచుండెను. మేము వెనుక నిలిచి చూచితిమి.

ఈ యూరు మరియొక స్త్రీవలన గూడ ప్రసిద్ధికెక్కినది. చాకలి ఐలమ్మ 1940 తరువాతి సంవత్సరములలో విసునూరు దేశముఖు నెదిరించి, తాను సాగుచేసిన పొలమును, పండించిన ధాన్యమును విడువక నిలిచినది ఇచ్చటనే. ఆమె 1985 సెప్టెంబరు 10వ తేదీన పరమపదించెను. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళావిశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టిరి. చదువుకొనని యామె పేర ఆడపిల్లల చదువులబడి వెలయుట ముచ్చటగొలుపు సంగతి.

సోమనాథుని తలచుకొన్నప్పుడు మాకొక మాట తోచినది. సంస్కృతము రాని సామాన్యజనులకును తెలియవలెనని ఆయన ద్విపదను, తేటతెనుగును చేపట్టెను. ఆయన యూరికి పోవు త్రోవలో మేము చూచిన ఛార్జింగు యంత్రముల తెరలపై ఒక్క తెలుగక్షరమైన లేదు. ఎర్రదీపము వెలిగినచో అది తప్పిదమో, నిరీక్షణమో, ఆంగ్లము రానివారి కెట్లు తెలియును?

మధ్యాహ్నభోజనము అత్తగారి పినతల్లి కుమార్తె యింట. ఆమె చింతచిగురుపప్పును, సర్వపిండియు వడ్డించి, మేము తినుచుండగా బండి సంగతి యడిగిరి. "బిడ్డా, దీనికి మా ఇంటి కరెంటు సరిపోతదా?" అనిరి. సరిపోవును. గీజరునకు వాడు 15 ఆంపియర్ల ప్లగ్గు చాలును. దానినుండి గంటకు మూడు యూనిట్లవరకు చేరును. ఇంటికి వచ్చునది ఏ.సి. విద్యుత్తు, బ్యాటరీ పుచ్చుకొనునది డి.సి. మాత్రమే. ఇంటివద్ద ఆ మార్పిడి పని బండిలోని చిన్న యంత్రమే చేసికొనవలెను గనుక వేగము తక్కువ. రహదారి యంత్రములు ఆ మార్పిడి బయటనే చేసి, నేరుగా బ్యాటరీలోనికి పంపును గనుక వేగమెక్కువ. రెండింటికిని గల భేదమింతే. అయితే ప్లగ్గునకు ఎర్తు సరిగానున్నదో లేదో చూచుకొనవలెను. సన్నని తీగ జంక్షన్ పెట్టెలు వాడరాదు, అవి గంటలకొలది పెనుభారము మోయలేక వేడెక్కి కరగును. రెండు గంటలు మాటలతో గడచినవి, ఆరు యూనిట్లు చేరినవి. రొక్కమీయబోగా వారు నొచ్చుకొనిరి. పండ్లబుట్ట నచ్చట నుంచి వచ్చితిమి. చుట్టరికమెంత దగ్గరిదైనను, ఇతరుల మీటరు తిరుగుచున్నదని మరువకుండుట మర్యాద.

అట్లయిన ప్రతి యూరిలోను వేగపు యంత్రమే పెట్టరాదా యని యడుగవచ్చును. ఈ ప్రాంతపు పొలములలో అయిదు గుఱ్ఱపుబలముల మోటార్లు సామాన్యము. 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చుటచే వానిపై రైతులకు గల ఆధారము మరింత పెరిగినది. 60 కిలోవాట్ల యంత్రమొకటి అట్టి పదునారు మోటార్లంత భారము. పల్లెలలో కానవచ్చు 63 కె.వి.ఏ. ట్రాన్సుఫార్మరును అది యొక్కటియే మ్రింగివేయగలదు. వేరు లైను, వేరు ట్రాన్సుఫార్మరు వేయక దానిని పెట్టినచో, మా బండి నిండుటకై ఎవరి మడియో ఎండవలెను. మరియు కొండ యెక్కి దిగి, ప్రదక్షిణము చేసి, ప్రసాదము తిని వచ్చుటకు యాత్రికులకు రెండు మూడు గంటలు పట్టును. వారికి వేగముతో పనియేమి? కొండ దిగువ బండ్లు నిలుపుచోట ఎర్తు గల మంచి ప్లగ్గులు పది పెట్టినచో, అవన్నియు కలిసియు ముప్పది కిలోవాట్లే యగును; పది కుటుంబములు నిశ్చింతగా దర్శనము చేసికొని వచ్చును. వేగము కావలసినది త్రోవలో. మనుష్యులు నిలుచుచోట నెమ్మదియైన ప్లగ్గే చాలును. పూర్వము ఎద్దులబండ్లవారును ఇట్లే గదా చేసిరి: త్రోవలో గుక్కెడు నీరు త్రాగించి, మజిలీలో కడుపునిండ మేత వేసెడివారు.

బమ్మెర వల్మిడులు చూచి జనగామ వైపు మరలునప్పటికి ప్రొద్దు వాలినది. రహదారిపై నెక్కిన పిమ్మట ఈసారి ఇంటిదిక్కున నున్న వేరొక కేంద్రమున నాగితిమి. బండిలో 42 పాళ్లున్నవి. ఇల్లు చేరుటకును, చేతిలో కొంత మిగులుటకును ఎనిమిది యూనిట్లయినను కావలెను. ఈ యంత్రము 30 కిలోవాట్లది, గన్నులు రెండు. ఒకదానికి అప్పటికే యొక బండి తగిలించియుండెను. రెండవది మేము తగిలింపగా తెరపై 13 అని వచ్చినది. ప్రొద్దున కనబడినదానిలో సగము!

ఇట్టి యంత్రములలో పెక్కింట గన్నులు రెండును వాడుకలో నున్నప్పుడు శక్తి సగము సగముగా పంచబడును. ఒక బండి తనవంతు పూర్తిగా పుచ్చుకొనకున్నను ఆ మిగులు రెండవదానికి పోదు. అక్కరను బట్టి పంచు క్రొత్తయంత్రములును వచ్చుచున్నవి గాని, అన్నిచోట్ల లేవు. మా ప్రక్కబండి 88 పాళ్లు నిండి, గంటకు ఆరు యూనిట్ల చొప్పున నత్తనడక నడచుచుండెను. బ్యాటరీ స్వభావమే యట్టిది. వట్టి బిందెకు కొళాయి పూర్తిగా విప్పుదుము. అంచు సమీపించిన కొలది, పొంగిపోకుండ ధార సన్నము చేయుదుము. ఎనుబది పాళ్లు దాటిన వెనుక బ్యాటరీయు తనలోనికి వచ్చు ధార నట్లే తగ్గించుకొనును. బలవంతముగా పంపినచో దాని ఆయువు క్షీణించును. ఆ కడపటి యిరువది పాళ్లకు పట్టు కాలము, అంతకుముందు అరువది పాళ్లకు పట్టిన కాలముతో సమానమైనను ఆశ్చర్యము లేదు.

చీకటి పడుచుండెను. ఆ కేంద్రమున దీపమొక్కటే, అదియు మిణుకు మిణుకు మనుచున్నది. స్త్రీల మరుగుగదికి తాళము వేసియున్నది. తాళపుచెవి యెవరివద్ద నున్నదో చెప్పువారు లేరు. ఎదుట టీకొట్టు నడుపు నామె మమ్ము చూచి, "అమ్మా, గీడ ఎంతసేపు నిలవడ్తరు? మా ఇంట్లకు రాండ్రి" అని పిలిచి, అత్తగారిని లోనికి తీసికొనిపోయెను. ఆ యుపకారము మరవరానిది.

పదునైదు నిమిషములకు మూడు యూనిట్లే వచ్చినవి. అత్తగారు తిరిగివచ్చి, ప్రక్కబండి యువకుని పలుకరించిరి. "ఏ ఊరికి పోతవు నాయనా?"

"హన్మకొండకమ్మా."

"మరి గిప్పుడున్నది సాలదా?"

అతడు తెరవంక చూచి నవ్వెను. "సాలుతదమ్మా. నిండెదాక సూద్దామనుకున్న." వెంటనే గన్ను తీసి స్థానమునం దుంచి, మాకు నమస్కరించి పోయెను. హనుమకొండకు అచ్చటనుండి అరువది కిలోమీటర్లు లేదు. ఆ బండిలో దానికి మూడింతలున్నది. అతడు కదలిన పిమ్మట మా యంకె 13 నుండి 24కు లేచినది. మరి పండ్రెండు నిమిషములలో మా కక్కరయైనంతయు చేరినది. అతడు నిండువరకు కూర్చున్నచో మాకు అరగంటకు తక్కువ పట్టెడిది కాదు.

ప్రొద్దున 26 పుచ్చుకొన్న బండి సాయంకాలము 24 తోనే సరిపెట్టుకొనుటకు ఎండయే కారణము. వైశాఖమున ఓరుగంటి సీమలో వేడి నలుబది డిగ్రీలు దాటుట కొత్తగాదు. వేడెక్కిన బ్యాటరీ తన్నుతాను కాపాడుకొనుటకై ధార తగ్గించుకొనును. చలికాలపు తెల్లవారుజామునను అట్లే. రాత్రియంతయు మంచులో నిలిచిన బండి మొదట మెల్లగా పుచ్చుకొనును. చలిదినములలో కొంతదూరము నడచి బ్యాటరీ గోరువెచ్చనైన పిమ్మట ఛార్జి చేయుట మేలు. వేసవిలో నడియెండను తప్పించుకొనుట మేలు. బ్యాటరీ తక్కువగా నున్నప్పుడే వేగమెక్కువ గనుక, ఇరువది పాళ్ల వద్ద చేరి ఎనుబది వద్ద విడుచుట అన్నిటను లాభము. అయితే ఆడవారు ముందరి కేంద్రము పనిచేయుచున్నదో లేదో ఫోనులో చూచుకొనక ఇరువది పాళ్లవరకు దిగజార్చుకొనరాదు. మేము నలుబది వద్దనే ఆగుదుము. పది నిమిషములు నష్టమైనను ధైర్యము మిగులును.

ప్రభుత్వమువారును ఊరకుండలేదు. కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ 2019లో వెలువరించిన సూత్రముల ప్రకారము నగరములలో మూడు కిలోమీటర్ల చదరమున కొకటియు, రహదారులకు రెండువైపుల ప్రతి 25 కిలోమీటర్లకు ఒకటియు ఛార్జింగు కేంద్రముండవలెనని అప్పుడు నియమించిరి. దూరము పోవు బండ్లకును, బరువుబండ్లకును ప్రతి నూరు కిలోమీటర్లకు వేగపు యంత్రముండవలెననియు ఆ సూత్రములలో నుండెను. 2024 అక్టోబరులో ప్రారంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకమున ఛార్జింగు కేంద్రములకని 2,000 కోట్ల రూపాయలు ప్రత్యేకించిరి. తెలంగాణ ప్రభుత్వము 2020లో విద్యుత్తు వాహనముల విధానమును ప్రకటించి, 2024 నవంబరులో వానికి రోడ్డుపన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మినహాయించెను. చీనాదేశమున బి.వై.డి. సంస్థవారు 2025 మార్చిలో ఒక మెగావాటు, అనగా వేయి కిలోవాట్ల యంత్రమును చూపి, అయిదు నిమిషములలో 400 కిలోమీటర్లకు సరిపడు విద్యుత్తు నింపగలమని ప్రకటించిరి. వినుటకు విడ్డూరముగా నున్నది. అట్టి ధారను పుచ్చుకొనదగిన బండియు, ఈయదగిన లైనును రెండును ఉండవలెను గదా. మన జనగామ త్రోవకు ఇప్పుడు కావలసినది అంత గొప్పది కాదు. రెండు బండ్లు తగిలించినను సగము కాని యంత్రములును, రాత్రి వెలుగు దీపములును, తాళము లేని మరుగుగదియు, తెరపై నాలుగు తెలుగు మాటలును ఉన్నచో మావంటివారికి చాలును. మొదటిదానికి సొమ్ము కావలెను. తక్కిన మూడింటికి శ్రద్ధ చాలును.

మహాశివరాత్రికి సోమేశ్వరుని జాతర చూడదలచిన సోదరీమణులు జనగామ దాటకముందే బండికి ఎనుబది పాళ్లు నింపుకొనవలెను. ఉత్సవదినములలో కొండ దిగువ బండ్లు క్రిక్కిరిసియుండును. ఊరి వెలుపలనే నిలుపుకొని నడచిపోవుట సుఖము. తిరుగుప్రయాణమున నిలువదలచిన కేంద్రమేదో పోవునప్పుడే యొకసారి చూచుకొని, అచ్చట దీపమున్నదో లేదో, దాపున టీకొట్టున్నదో లేదో గుర్తుపెట్టుకొనవలెను.